పెద్దక్క పెత్తనం

మొన్న సాయంత్రం మా మనవరాలు ఇంగ్లీషు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, వాకిట్లో మెట్టు మీద కూర్చుని పెన్సిలు కొరుకుతూ కొరుకుతూ, ఉన్నట్టుండి తలెత్తి, "అవ్వా, లార్డ్ ఇట్ ఓవర్ అంటే ఏంది? లార్డ్ అంటే సామి గదా, సామి పోయి వర్బు ఎట్లయినాడు?" అని అడిగింది. పావగడ దగ్గర వై.ఎన్.హొసకోటలో ఏళ్ళ తరబడి పిల్లలకు ఇంగ్లీషు చెప్పి రిటైరైనదాన్ని గనుక ఆలోచించకుండానే, ఎదుటివాళ్ళ మీద పెత్తనం చెలాయించడం, వాళ్ళకంటే మనమే పైమెట్టు మీద ఉన్నామని చూపించుకోవడం అని అర్థం చెప్పేశాను. ఆ పిల్ల రాసుకుని, ఒక వాక్యం కూడా చెప్పమంది. ఎవరో రాజు, ఎవరో ప్రజలు అంటూ ఒక పొడి వాక్యం చెప్పి పంపించాను గానీ, అడగగానే నా కళ్ళ ముందుకు వచ్చి నిలబడింది మా పెద్దక్క.

మన భాషలో 'పెద్ద' అనే ఒక్క మాట కడుపునే పెద్దరికమూ పుట్టింది, పెత్తనమూ పుట్టింది. ఒకటి ఎక్కడ ఆగిపోయి రెండోది ఎక్కడ మొదలవుతుందో నా వయసు వాళ్ళు మీరెవరైనా చెప్పగలరేమో గానీ, ఆ రెండింటినీ ఒకే మనిషిలో చూసిన నేను మాత్రం చెప్పలేను.

మేము ముగ్గురం అక్కచెల్లెళ్ళం. అమ్మ పోయేటప్పటికి నాకు ఆమె ముఖం గుర్తుండే వయసు కూడా కాదు. పెద్దక్క అప్పటికింకా లంగా జాకెట్టు పిల్ల. మా నాయన తెల్లవారుతూనే సేద్యానికి వెళ్ళిపోయేవాడు, ఇల్లు ఆమె చేతికి వచ్చింది. రాగిసంగటి గెలకడానికి చేతుల్లో బలం చాలక, కుండను రెండు పాదాల మధ్య ఇరికించుకుని, నిలబడి, కట్టెను రెండు చేతులతో పట్టుకుని ఊపిరి బిగబట్టి తిప్పేది. మమ్మల్ని నిలబడనిచ్చేది కాదు, కూర్చోనిచ్చేది కాదు. నీళ్ళు తెమ్మని ఒకరిని, కసువు ఊడ్వమని ఒకరిని తరిమేది. తల దువ్వితే కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా బిగించి జడ వేసేది, కదిలితే నెత్తిన దువ్వెనతో ఒకటి ఇచ్చేది. నంజుకునే ఊరిబిండి పచ్చడి తక్కువైన రోజు మాత్రం తనకు కారం సరిపడదని చెప్పి, ఉత్త సంగటి ముద్ద మజ్జిగలో ముంచుకుని మింగేది. ఆమెకు కారం ఎంత ఇష్టమో నాకు చాలా ఏళ్ళ తరువాత గానీ తెలియలేదు. ఒకసారి బడిలో అయ్యవారు నన్ను అకారణంగా కొట్టాడని తెలిసి, చేతికి పిండి అంటుకుని ఉండగానే బడికి వచ్చి, తలుపు దగ్గర నిలబడి ఆయనను అడిగేసింది. తాను బడి మానేసి నన్ను బడికి పంపింది. నేను టీచరునయ్యానంటే అది మా పెద్దక్క పెట్టిన భిక్ష.

ఆమెను వల్లూరుకు ఇచ్చారు. పెళ్ళయి వెళ్ళేటప్పుడు మా కోసం ఏడ్చిన ఏడుపులో సగం చిన్నక్క కోసమే, ఎందుకంటే చిన్నక్క మెత్తని మనిషి. పని చేస్తుంది గానీ నిదానం, ఎవరైనా గట్టిగా అంటే తిరిగి మాట అనలేదు. పెద్దక్క మరిది పెళ్ళీడుకు రాగానే, అత్తనూ మామనూ ఎట్లా ఒప్పించిందో ఏమో, చిన్నక్కను ఆ ఇంటికే తెచ్చుకుంది. "నా చెల్లెలు నా కండ్ల ముందరే ఉండల్ల. యాడికో పంపిస్తే దీన్ని అమ్ముకొని తింటారు" అని నాయనతో అన్న మాట నాకు బాగా గుర్తు. అట్లా మా ఇద్దరక్కలూ తోడికోడళ్ళయ్యారు.

సెలవుల్లో నేను వల్లూరు వెళ్ళేదాన్ని. విత్తనాల కాలంలో అయితే ఆ ఇంటి పంచలో చెనిక్కాయల కుప్పలు పోసుకుని ఆడవాళ్ళంతా గుండ్రంగా కూర్చుని కాయలు ఒలిచేవాళ్ళు. అత్త చూపంతా ఎవరి ముందు ఎంత గింజ పోగయిందనే దాని మీదే. చిన్నక్క పోగు ఎప్పుడూ చిన్నదే. అత్త అటు తిరగగానే పెద్దక్క మోచేత్తో తన పోగులోంచి ఇంత చెల్లెలి ముందుకు తోసి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ కాయ అందుకునేది. చిన్నక్క తల ఎత్తకుండానే నవ్వుకునేది. ఇట్లాంటి అక్క ఉంటే ఆడపిల్లకు అత్తగారిల్లంటే భయమేముందని నేను అనుకునేదాన్ని.

తరువాతి కథ మన ప్రాంతం వాళ్ళకు చెప్పనక్కరలేదు. వానలు మొహం చాటేశాయి, బోర్లు ఒకదాని వెనుక ఒకటి ఎండిపోయాయి, విత్తిన విత్తనం కూడా తిరిగి రాని ఏళ్ళు వచ్చాయి. పెద్దబావ ఇంటి దగ్గరే ఉండి మేకలు పట్టాడు. చిన్నబావ రాళ్ళ క్రషరులో పనికి పోయి, కొన్నేళ్ళకు దుమ్ముతో నిండిన ఊపిరితిత్తులు తీసుకుని తిరిగి వచ్చాడు. దగ్గు, ఆయాసం, నాలుగడుగులు వేస్తే గోడ పట్టుకునేవాడు. అత్తమామలు పోయారు, పొయ్యిలు రెండయ్యాయి, అయినా వాకిలి ఒకటే. పెద్దక్క కొడుకు హిందూపురంలో డ్రైవరుగా, చిన్నక్క కూతురు మడకశిరలో కాపురానికి, అట్లా పిల్లలు ఎవరి దారిన వాళ్ళు వెళ్ళారు.

అప్పుడు సోలార్ వాళ్ళు వచ్చారు. భూమి అమ్మనక్కరలేదు, గుత్తకిస్తే చాలు, వాన వచ్చినా రాకపోయినా ఏటా గుత్త వస్తుంది అన్నారు. ఎండలో కాగి కాగి ఉన్న జనానికి అది తియ్యని మాటే. నేను కూడా ఇవ్వమనే చెప్పాను, ఈనాటికీ అందులో తప్పేమీ కనిపించదు. మా అక్కల చేనును యంత్రంతో చదును చేసిన రోజు నేను అక్కడే ఉన్నాను. గట్టు తెగి పడుతుంటే అక్కలిద్దరూ చిన్నపిల్లల్లా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నిలబడ్డారు. పెద్దక్క పైట చెంగుతో చెల్లెలి కళ్ళు తుడిచి, "గమ్మునుండే, మన్ను యాడికీ పోలేదు, పైన ప్లేట్లు పెడ్తారంతే" అంది.

ప్లేట్లు లేచాక వాటి మధ్య పెరిగే గడ్డి కోయడానికి, దుమ్ము కడగడానికి ఆడవాళ్ళు కావలసి వచ్చారు. గుత్త వస్తున్నా చిన్నబావ మందులకని చిన్నక్క చేరింది. పెద్దక్కా చేరింది. చేరిన కొద్ది రోజులకే, పదిమందిని అటు ఇటు నిలబెట్టి పని లాగించే ఆమె నేర్పు చూసి, కంట్రాక్టరు మనిషి ఆమెనే మేస్త్రీని చేశాడు. ఒక టోపీ, నారింజరంగు జాకెట్టు, ఒక ఫోను ఇచ్చారు. ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసి, "పాపా, నేను మేస్త్రీనయినానప్పా!" అని నవ్వింది. అరవై దగ్గరపడుతున్నా ఇద్దరక్కలకూ నేను పాపనే. బడి మానేసిన మా పెద్దక్కకు ఇన్నేళ్ళకు ఒక హోదా వచ్చిందని నేనా రోజు పొంగిపోయి, బడిలో తోటి టీచర్లందరికీ చెప్పుకున్నాను.

మొదట్లో బాగానే గడిచింది. చెల్లెలికి చేతకాదని ఆమెను ప్లేట్ల నీడ పడే వరుసల్లో వేసేది. నలుగురు ఆడవాళ్ళున్న చోట అది దాగుతుందా? మేస్త్రీ తన చెల్లెలికి నీడపని, మాకు ఎండపని ఇస్తోందని గొణుగుడు మొదలై, అది బయటినుంచి వచ్చిన సూపర్‌వైజరు చెవిన పడింది. అతను అందరి ముందూ పెద్దక్కను హిందీలో ఎడాపెడా తిట్టాడట. ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, అర్థం కాని భాషలో తిట్లు తింటూ నిలబడిన అవమానం మాత్రం ఆమెకు పూర్తిగా అర్థమైంది. ఆ పూటే చిన్నక్కను తీసుకెళ్ళి మండుటెండలో వేసింది. మరునాటి నుంచి ఆమె గొంతు మారింది.

తనకు పక్షపాతం లేదని చూపించుకోవడానికి అందరికంటే ఎక్కువగా చెల్లెలినే అనడం మొదలుపెట్టింది. నీళ్ళు తాగడానికి లేస్తే అరుపు, నడుము నిలబెట్టుకుంటే అరుపు. రాను రాను అది చూపించుకోవడం కోసం కాకుండా పోయింది. ఆ టోపీ పెట్టుకుని గొంతెత్తితే పదిమంది తలలు దించుకోవడంలో ఆమెకు ఒక రుచి దొరికింది. ఒక రోజు చిన్నక్క అలవాటుగా, అక్కా, కొడవలి మొద్దుబారింది అని పిలిస్తే, "ఈడ అక్కా గిక్కా అనొద్దు. మేడమ్ అను. అందరూ ఏమంటాండారో నువ్వూ అదే అనల్ల" అందట. మొదటిసారి చిన్నక్క నాకది నవ్వుతూనే చెప్పింది. రెండోసారి చెప్పేటప్పుడు నవ్వలేదు. మూడోసారి, "పాపా, వాకిట్లో గూడా ఆ టోపీ తీయలేదు మేయ్ అది. నా గడపలో నిలబడి, ఇంత పొద్దెక్కినా పొయ్యి వెలిగించలేదేంది అంటాండాది" అంది.

ఒక ఆదివారం నేను వల్లూరు వెళ్ళి పెద్దక్క దగ్గర కూర్చున్నాను. ఆమె ముందు ఎప్పుడూ నోరెత్తనిదాన్ని, ఆ రోజు ధైర్యం చేసి, చెల్లెలిని నలుగురిలో అట్లా చిన్నబుచ్చడం బాగుందా అక్కా అని అడిగాను. ఆమె టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"పాపా, నీకు బడి, కుర్చీ, బెత్తం అన్నీ సర్కారు ఇచ్చింది. నాకు ఉండేది ఈ టోపీ ఒకటే. ఇది గూడా పోతే నన్ను యెవరు మనిషని చూస్తారు?"

దానికోసం చిన్నక్కనే అనాలా అన్నాను.

"ఇంకెవరినన్నా అంటే రేపు పనికి రారు, వీధిలో జుట్టు పట్టుకుంటారు. అది నాది. నా చెల్లెలు. నేనంటే పడుతుంది. పడకుండా యాడికి పోతాది?"

ఆమె అది ప్రేమతోనే అంది. అందుకే నాకు భయం వేసింది.

ఆ భయం తరువాతి ఎండాకాలంలో నిజమైంది. ఆ రోజు ఎవరో పెద్ద అధికారులు చూడటానికి వస్తున్నారని తెల్లవారుజామునుంచే పనిలో హడావుడి. ఎండ ఇంకా ముదరకముందే చిన్నబావకు ఊపిరాడక, పక్కింటాయన గేటు దగ్గరికి పరుగెత్తి, చిన్నక్కను పంపమని కాపలాదారుకు చెప్పాడు. కాపలా కుర్రవాడు పెద్దక్కకు ఫోన్ చేశాడు. ఆయాసం ఆ మనిషికి రోజూ ఉండేదే గదా అనుకుంది పెద్దక్క. అధికారులు వచ్చి పోయేదాకా వరుసలో ఒక మనిషి తగ్గినా తనకు మాట వస్తుందనుకుంది. చెల్లెలు పక్కనే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో, వంగి గడ్డి కోస్తోంది. ఆమెతో ఒక్క ముక్క చెప్పలేదు. అటు పక్కింటాయన కాసేపు చూసి, ఇక ఆగలేక చిన్నబావను ఆటోలో వేసుకుని పావగడ ఆసుపత్రికి బయలుదేరాడు. దోవలోనే ప్రాణం పోయింది. మధ్యాహ్నం సద్ది తినడానికి అందరూ లేచాకే పెద్దక్క, ఇంటికి పోయి చూసి రాపో, మీ ఆయనకు కాస్త బాగాలేదంట అని చెప్పింది. చిన్నక్క వాకిట్లోకి వచ్చేటప్పటికి శవం వచ్చి ఉంది.

పిలిపించినా ఆ మనిషి బతికేవాడో లేదో నేను చెప్పలేను. ఊపిరితిత్తులు ఎన్నడో చెడిపోయాయని డాక్టర్లు ముందే చెప్పారు. కానీ ఆటోలో ఆయన ప్రతి మలుపు దగ్గరా కళ్ళు తెరిచి, వచ్చిందా, వచ్చిందా అని అడిగాడని పక్కింటాయన చెప్పినప్పుడు అక్కడున్న మగవాళ్ళు కూడా ముఖాలు తిప్పుకున్నారు.

పొద్దున్నే కబురు అక్క దాకా వచ్చిందని చిన్నక్కకు అప్పటికి తెలియదు. అక్క భుజం మీదే పడి ఏడ్చింది. శవాన్ని ఎత్తబోయే ముందు ఆ కాపలా కుర్రవాడు వచ్చాడు, పాపం దండ తెచ్చాడు. చిన్నక్క ముందు చేతులు కట్టుకుని, "నేను పొద్దున్నే మేడమ్‌కి ఫోన్ చేసినానమ్మా. మీరు యాల రాలేదమ్మా?" అని అడిగాడు. ఏడుపులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. చిన్నక్క తల తిప్పి అక్క ముఖంలోకి చూసింది. పెద్దక్క తల వంచుకుంది. చిన్నక్క తిట్టలేదు, దుమ్మెత్తి పోయలేదు. మెల్లగా అక్క భుజం మీది నుంచి తన చెయ్యి తీసుకుంది.

దినాల రోజు పెద్దక్క చేటలో బియ్యం, చీర పెట్టుకుని చెల్లెలి గడప దగ్గరికి వచ్చింది. టోపీ, జాకెట్టు, ఫోను అప్పటికే గేటు దగ్గర ఇచ్చేసింది. చేట కింద పెట్టి, రెండు చేతులూ చాచి చిన్నక్కను పట్టుకోబోయింది. చిన్నక్క లేచి నిలబడి, పైట సర్దుకుని, "రాండి మేడమ్. కూర్చోండి" అంది.

పెద్దక్క ఉన్నచోటే నేలమీద కూలబడింది. "అట్లనొద్దే. కొట్టు, తిట్టు, నా మొగం మీద ఉమ్ము. అక్కా అని ఉమ్ము" అని ఆమె కాళ్ళు పట్టుకుంది. చిన్నక్క కాళ్ళు విడిపించుకుని లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చింది. "నీళ్ళు తాగండి మేడమ్" అంది.

ఆ గొంతులో కసి లేదు, వెటకారం లేదు. అందుకే అది ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఆ తరువాత ఒకే వాకిట్లో ఇద్దరూ అట్లాగే బతికారు. పెద్దక్క తెల్లవారకముందే లేచి చెల్లెలి వైపు కసువు ఊడ్చేది, నీళ్ళ ప్లాంటు నుంచి చెల్లెలి బిందె కూడా తనే మోసుకొచ్చి గడప పక్కన పెట్టేది. చిన్నక్క వద్దనేది కాదు. మీకెందుకు మేడమ్ ఈ శ్రమ అని మాత్రం అనేది. ఊరంతటినీ శాసించిన ఆ గొంతు మెల్లమెల్లగా ఎవరికీ వినపడకుండా పోయింది. ఎవరైనా ఏదైనా అడిగితే, నాకేం తెలుసు, మీ ఇష్టం అనేది. ఆమె నోట ఆ మాట వింటుంటే, నన్ను బెదిరించి జడ వేసిన మనిషేనా ఈమె అని నాకు దుఃఖం పొంగుకొచ్చేది.

రెండేళ్ళు తిరగకుండానే ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది, మాట పోయింది. కోడలు వచ్చి నాలుగు రోజులుండి వెళ్ళింది, నేను వారానికోసారి వెళ్ళగలిగేదాన్ని. మిగిలిందంతా చిన్నక్కే చేసింది. పని మానేసి ఇంటి దగ్గరే ఉండిపోయింది. ఒళ్ళు తుడిచింది, బట్టలు మార్చింది, సంగటిని మజ్జిగలో మెత్తగా పిసికి వేలితో నోట్లో పెట్టింది. కన్నతల్లికి కూడా ఎవరూ అట్లా చేయరు. అంత చేస్తూ కూడా, "తినండి మేడమ్" అనేది. పెద్దక్క నోరు తెరిచేది, కంటి కొసనుంచి నీళ్ళు దిండు మీదికి కారేవి.

ఒకరోజు నేను ఆగలేక చిన్నక్కను పెరట్లోకి తీసుకుపోయి, ఒక్కసారి అక్కా అని పిలువు, ఆమె ప్రాణం దానికోసమే ఉంది అని బతిమాలాను. చిన్నక్క గోడకు ఆనుకుంది.

"పట్టుదల గాదు పాపా. నీ మీద ఒట్టు. నోటిదాకా వస్తాది. ఆయప్ప ఆటోలో వచ్చిందా వచ్చిందా అన్నేది యాదికొస్తాది. ఆడనే నిలిచిపోతాది."

పెద్దక్క పోయిన రోజు ఊరి ఆడవాళ్ళంతా వచ్చారు. మన వైపు శోకం ఎట్లా పెడతారో మీకు తెలుసు, పోయినవాళ్ళను వరస పెట్టి పిలిచి పిలిచి ఏడుస్తారు. చెల్లెలు మొదలుపెట్టాలని అందరూ చిన్నక్క వైపు చూశారు, ఒకామె భుజం కూడా తట్టింది. చిన్నక్క శవం తల దగ్గర కూర్చుని నోరు తెరిచింది. గొంతు మీద నరాలు తేలాయి గానీ శబ్దం రాలేదు. పాడె వీధి మలుపు తిరిగేదాకా అట్లాగే ఉంది. అక్కా అని ఆ రోజు ఇద్దరి తరఫునా నేనే ఏడ్చాను.

ఈ మధ్య వల్లూరు దోవలో బస్సు కిటికీలోంచి చూస్తే కనుచూపుమేర నల్లటి ప్లేట్లే. వాటి మీద నాకు కోపం లేదు. వాన పెట్టని అన్నం అవి పెట్టాయి. కానీ మన రోజుల్లో కలుపు కాలంలో చేల పక్కన నడిచిపోతుంటే ఎన్ని పిలుపులు వినిపించేవి! వదినా ఆ గంప ఇట్లా అందుకో, పిన్నమ్మా నీ సాలు వెనకబడింది, కోడలా బిడ్డ ఏడుస్తోంది చూడు అని, చుట్టరికం ఉన్నా లేకపోయినా, కులం ఒకటైనా కాకపోయినా, ఎంత కోపంలో పని చెప్పినా ముందు ఒక వరస పెట్టి పిలిచిన తరువాతే ఆ కోపం. ఇప్పుడు జాకెట్లు వేసుకుని వరసల మధ్య వంగిన ఆడవాళ్ళు కనిపిస్తారు. ఎవరు ఎవరికి ఏమవుతారో బస్సులోంచి తెలియదు.

పోయిన వారం చిన్నక్కను చూసి వద్దామని వెళ్ళాను. పెద్దబావ హిందూపురంలో కొడుకు దగ్గరికి వెళ్ళిపోయాడు, ఆ వాకిలికి ఇప్పుడు ఆమె ఒక్కతే. వెనక గోడ వానకు నానిపోయి ఒరిగింది. పడగొట్టి కట్టించాలా, పూసి ఊరుకోవాలా, కూతురి దగ్గరికే వెళ్ళిపోవాలా అని ఆమెకు తెగడం లేదు. పుట్టినప్పటినుంచి ఏ పనైనా ఒకరు చెబితే చేసిన మనిషి.

"ఏం జేయల్ల పాపా? నువ్వన్నా చెప్పు" అంది.

నేను ఇంటికి కడగొట్టుదాన్ని. ఆ ఇంట్లో చెప్పేది ఎప్పుడూ పెద్దక్కే, నేను ఎవరికీ ఏదీ చెప్పి ఎరగను. ఆమె నా ముఖం చూసింది, నేను గోడ వైపు చూశాను. బస్సు వేళ అయ్యేదాకా ఇద్దరం ఆ వాకిట్లోనే కూర్చున్నాం.